మన నగరసభలో నిర్ణయాలు జరిగే తీరు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

ఈ సభలో అందరికీ పనికివచ్చే విషయమేదైనా నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు కోరినారు. సాహిత్యమును గురించి చెప్పుటకు మాకంటె అర్హులు ఈ పందిరి క్రిందనే కూర్చున్నారు. మేము మెట్రిక్యులేషను వరకు చదివి రైల్వే ఆఫీసులో గుమాస్తా పని చేసేవారము. ఒక కాగితం ఏ బల్ల మీద నుండి ఏ బల్ల మీదికి పోతుందో, ఎక్కడ ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో తెలిసికొనుటయే మా విద్య. ఆ విద్యతోనే బీదరు పట్టణ పాలనను గురించి, అక్కడ నిర్ణయాలు జరిగే పద్ధతిని గురించి చెప్పదలచినాము.

మన కుటుంబాలలో కొందరు రైల్వే పని మీద, కొందరు బ్యాంకు, వాయుసేన కేంద్రము, కాలేజీ ఉద్యోగాల మీద, కొందరు వ్యాపారము మీద ఈ ఊరు వచ్చినవారు. ఎన్నేళ్ళు గడిచినా మన నోట వచ్చే మాట ఒకటే: "ఇది మన ఊరు కాదు గదా, మనకెందుకు?" కుళాయి నీరు రాకపోతే విసుక్కొంటాము. వీధిలో మురుగు నిలిస్తే ముక్కు మూసికొని దాటిపోతాము. ఎవరిని అడుగవలెనో తెలియదు. అడిగినా పరాయివారి మాట ఎవరు వింటారనే సంకోచము.

మొదట ఆ సంకోచమును గురించి ఒక మాట. బీదరుకు తెలుగు పరాయి భాష కాదు. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రము విడిపోవుటకు ముందు జహీరాబాదు, నారాయణఖేడు తాలూకాలు బీదరు జిల్లాలోనే ఉండేవి. ఆనాడు అవి మెదకు జిల్లాలో కలిసినవి. బీదరు మైసూరు రాష్ట్రమునకు వచ్చినది. ఆ రాష్ట్రమే 1973లో కర్ణాటక అయినది. సరిహద్దు గీత జరిగినదే గాని మనుష్యుల రాకపోకలు ఆగలేదు. చౌబారా దగ్గర నిలుచుంటే కన్నడము, ఉర్దూ, మరాఠీ, తెలుగు నాలుగు భాషలూ వినిపిస్తవి.

ఇక అసలు విషయము. ఇంగ్లండులో పట్టణ పాలక సంస్థలలో కొన్నింటిని బరో కౌన్సిళ్ళు అంటారు. ఆ పేరు మన దేశానికి కూడ వచ్చినది. 1925లో బొంబాయి ప్రభుత్వము పెద్ద పట్టణాల కొరకు చేసిన చట్టము పేరే బొంబాయి మునిసిపల్ బరోల చట్టము. బెళగావి, ధారవాడ ప్రాంతాలు ఒకనాడు దాని క్రింద ఉండేవి. మన ప్రాంతమునకు 1956 నాటి హైదరాబాదు జిల్లా మునిసిపాలిటీల చట్టము ఉండేది. పాత మైసూరుకు వేరే చట్టము, మంగళూరు వైపు మద్రాసు చట్టము. ఒకే రాష్ట్రములో ఇన్ని పద్ధతులు ఉండరాదని, వాటన్నింటి బదులు 1964లో కర్ణాటక మునిసిపాలిటీల చట్టము చేసినారు. నేటికీ ఈ రాష్ట్రములోని పురసభలకు, నగరసభలకు అదే ఆధారము.

ఆ చట్టము ప్రకారము ఊళ్ళను జనసంఖ్యను బట్టి విభజిస్తారు. చిన్న ఊరికి పట్టణ పంచాయతి. ఇరువది వేలు దాటితే పురసభ. ఏబది వేలు దాటితే నగరసభ. మూడు లక్షలు దాటే పెద్ద నగరాలకు మహానగరపాలిక. దానికి 1976 నాటి చట్టము వేరుగా ఉన్నది. 2011 జనాభా లెక్కలలో బీదరు జనసంఖ్య రెండు లక్షలు దాటినది. 2021లో నగరసభ ఎన్నికలు జరిగిన నాటికి ఊరిని 35 వార్డులుగా విభజించి ఉన్నారు. 2024 సెప్టెంబరు 17న కలబురగిలో జరిగిన రాష్ట్ర మంత్రిమండలి సమావేశములో బీదరు, రాయచూరు నగరసభలను మహానగరపాలికలు చేయుటకు నిర్ణయించినారు. పేరు మారినపుడు అధ్యక్షులకు బదులు మేయరు వస్తారు. పన్నులు-ఆర్థికము, ఆరోగ్యము-విద్య, నగర యోజన, లెక్కలు అని నాలుగు స్థాయీ సంఘాలు వస్తవి. చుట్టుప్రక్కల పల్లెలు కూడ ఊరిలో కలుస్తవి. గాని మూల సూత్రము మారదు. అందుచేత మన కుటుంబాలు ఇన్నేళ్ళు బ్రతికిన నగరసభ పద్ధతినే ముందు చెప్పి, పాలికలో తేడా వచ్చే చోట ఆ తేడాను చెప్పుతాము.

నగరసభ అంటే ఒక భవనము కాదు, ఒక అధికారి కాదు. అది ఒక సభ. ఆ సభలో మూడు రకాల వారు కూర్చుంటారు. మొదటి రకము, వార్డుల నుండి ప్రజలు ఓటు వేసి ఎన్నుకొన్న సభ్యులు. వీరినే కౌన్సిలర్లు అంటాము. ఐదేండ్ల కాలము. షెడ్యూల్డు కులాలకు, తెగలకు, వెనుకబడిన తరగతులకు, స్త్రీలకు స్థానాలు కేటాయించబడి ఉంటవి. 1993 జూన్ 1న అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ వలన స్త్రీలకు మూడవ వంతుకు తక్కువ లేకుండ స్థానాలు ఉండవలెను. రెండవ రకము, ఆ ప్రాంతమునకు చెందిన పార్లమెంటు సభ్యులు, శాసనసభ్యులు. వీరికి ఓటు కలదు. మూడవ రకము, ప్రభుత్వము నియమించిన ఐదుగురికి మించని సభ్యులు. వీరు మాట్లాడవచ్చును గాని ఓటు వేయరాదు.

ఈ సభ్యులే తమలో నుండి అధ్యక్షుని, ఉపాధ్యక్షుని ఎన్నుకొంటారు. వారి పదవి ముప్పది నెలలు. ఏ ఊరిలో ఏ వర్గమునకు అధ్యక్ష పదవి రావలెనో వంతుల ప్రకారము ప్రభుత్వము నిర్ణయిస్తుంది. మన పొరుగున తెలంగాణములో పురపాలక అధ్యక్షులకు ఐదేండ్ల కాలము. ఇక్కడ సగము కాలానికే మారుతారు.

వీరు కాక ఆఫీసు ఉన్నది. దాని పెద్దను పురసభలో ముఖ్యాధికారి అంటారు, నగరసభలో పౌరాయుక్తులు అంటారు. మనము కమిషనరు అంటాము. ఈయన ప్రభుత్వోద్యోగి. ఆయన క్రింద ఇంజనీర్లు, ఆరోగ్య ఇన్‌స్పెక్టర్లు, పన్ను వసూలు గుమాస్తాలు, పౌరకార్మికులు. సభ నిర్ణయిస్తుంది, ఆఫీసు అమలు జరుపుతుంది. ఇది ముఖ్యముగా గుర్తుంచుకొనవలసిన మాట. మనలో చాలమంది కౌన్సిలరు చెప్పితే పని అయిపోతుందని అనుకొంటారు. కమిషనరు తలచుకొంటే అయిపోతుందని మరికొందరు. రెండూ సరికాదు. రైల్వేలో స్టేషను మాస్టరుగారు ఎంత పెద్దవారైనా లైను క్లియరు లేకుండ బండిని పంపలేరు గదా. అట్లాగే కొత్త పనికి సభ ఆమోదము, డబ్బుకు పద్దు రెండూ లేకుండ కాగితం కదలదు. ఒక్క కౌన్సిలరు నోటి మాట సిఫారసు మాత్రమే. సభ తీర్మానమే నిర్ణయము.

సాధారణ సభ నెలకొకసారి జరుగవలెను. సభ్యులకు ముందుగా నోటీసు, దానితో పాటు చర్చించవలసిన విషయముల పట్టిక పంపుతారు. సభ్యులలో మూడవ వంతు మంది వ్రాసి కోరితే ప్రత్యేక సభ కూడ పిలువవలెను. పట్టికలో లేని విషయము సామాన్యముగా సభ ముందుకు రాదు. హాజరై ఓటు చేసిన వారిలో ఎక్కువమంది అభిప్రాయమే సభ అభిప్రాయము. ఓట్లు సమానమైతే అధ్యక్షస్థానములో ఉన్నవారు ఇంకొక ఓటు వేసి తేల్చుతారు. జరిగినదంతా మినిట్సు పుస్తకములో వ్రాస్తారు. సభ తీర్మానము చట్టమునకు విరుద్ధముగా ఉన్నదని తోచితే జిల్లాధికారి దాని అమలును నిలుపవచ్చును. కాబట్టి సభకు పైన కూడ ఒక చూపు ఉన్నది.

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసికొందాము. ఒక వీధిలో మురుగు కాలువ కావలెననుకొందాము. ఇరువది ఇండ్లవారు కలిసి ఒక అర్జీ వ్రాసినారు. ఆ అర్జీ ఎట్లా ప్రయాణము చేస్తుందో చూడండి.

అర్జీ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసికొనవలెను. రసీదు లేని అర్జీ టిక్కెట్టు లేని ప్రయాణము వంటిది. ఎక్కడ దింపివేసినా అడుగుటకు ఆధారము ఉండదు. ప్రతి ఒకటి వార్డు కౌన్సిలరుకు ఇవ్వవలెను. ఇంజనీరు వచ్చి చూచి ఎస్టిమేటు వేస్తారు. ఎంత పొడవు, ఎంత లోతు, నీరు ఎటు పోవలెను, ఎంత ఖర్చు అనేది అందులో ఉంటుంది. కాలువ త్రవ్వుట సులభమే. చివర అది ఏ పెద్ద కాలువలో కలుస్తుందనేదే చిక్కు. క్రింది వీధివారు మా ఇండ్ల ముందుకు మీ మురుగు వద్దంటే, ఆ తగవు కూడ సభలోనే తేలవలెను.

తరువాత డబ్బు. నగరసభ డబ్బు రెండు దారుల వస్తుంది. ఒకటి సొంత ఆదాయము: ఇంటి పన్ను, నీటి రుసుము, వ్యాపార లైసెన్సులు, నగరసభ దుకాణాల అద్దెలు. రెండవది ప్రభుత్వ గ్రాంట్లు: రాష్ట్ర ఆర్థిక సంఘము సిఫారసుల మీద వచ్చేవి, కేంద్ర ఆర్థిక సంఘము సిఫారసుల మీద వచ్చేవి. ఈ డబ్బు అంతా ఇష్టము వచ్చినట్లు ఖర్చు చేయుటకు వీలులేదు. నూటికి 24.10 వంతు షెడ్యూల్డు కులాల, తెగల సంక్షేమానికి, 7.25 వంతు ఇతర బీదవారి సంక్షేమానికి వేరుగా ఉంచవలెనని ఈ రాష్ట్రములో నియమమున్నది. కేంద్రపు గ్రాంటులో ఒక భాగము త్రాగునీరు, పారిశుధ్యము కొరకే. జీతాలు, దీపాల కరెంటు బిల్లు పోగా మిగిలిన దానికి వార్డులన్నీ చేయి చాచుతవి.

ఏ డబ్బుతో ఏ పనులు చేయవలెనో వ్రాసిన పట్టికను ఇక్కడ క్రియాయోజన అంటారు. మన అర్జీకి అసలు గండము ఇక్కడనే. క్రియాయోజనలో ఆ కాలువ పేరు చేరితే అది ఈ సంవత్సరపు పని. చేరకపోతే వచ్చే సంవత్సరము మాట. సభ ఆమోదించిన పిదప, అవసరమైన చోట జిల్లాధికారి కార్యాలయపు ఆమోదము కూడ వచ్చిన తరువాత టెండరు పిలుస్తారు. 1999 నాటి కర్ణాటక పారదర్శకతా చట్టము వలన పెద్ద పనులు టెండరు లేకుండ ఇవ్వరాదు. ఆ పిమ్మట పని ఉత్తర్వు, పని, కొలతల పుస్తకములో కొలతలు, బిల్లు, ఆడిట్.

ఈ మార్గములో మన మాట చెల్లే చోట్లు ఎక్కడ? టెండరు అయిన తరువాత వెళ్ళి కేకలు వేసినందువలన లాభము లేదు. చలికాలములో, వచ్చే సంవత్సరపు ఆయవ్యయ పట్టిక తయారగుటకు ముందు, పూర్వభావి సభలని పట్టణ ప్రజలను, సంఘాలను పిలిచి సలహాలు అడుగుతారు. మన సంఘమునకు అటువంటి సభలో కూర్చునే హక్కు అందరితో సమానముగా ఉన్నది. డిసెంబరు, జనవరి నెలలలో ఒక పూట తీరిక చేసికొంటే, ఏడాది పొడుగునా గొణుగుకొనే బాధ తప్పుతుంది. అడగనిదే అమ్మయినా అన్నం పెట్టదని మన పెద్దలు ఊరకే అనలేదు.

సముద్రము అవతల మనవారు స్థిరపడిన ఇంగ్లండులో పద్ధతి కొంత వేరు. 2000 సంవత్సరపు చట్టము తరువాత అక్కడి బరోలు అనేకము నాయకుడు, పదిమందికి మించని మంత్రివర్గము వంటి చిన్న బృందము చేత నడుస్తున్నవి. బడ్జెట్టు మాత్రము పూర్తి కౌన్సిలు ముందుకు రావలెను. ఇండ్ల నిర్మాణపు అనుమతుల సంఘములో ఊరివారు సైతము లేచి కొద్ది నిమిషాలు మాట్లాడుటకు చాల చోట్ల వీలిస్తారు. ఇక్కడ సభ జరిగేటప్పుడు మనము లేచి మాట్లాడుటకు వీలులేదు. మన నోరు మన కౌన్సిలరే. కాబట్టి ఆ కౌన్సిలరుకు మన అవసరము తెలియవలెను. తెలియుటకు ముందు మనము ఆ వార్డు ఓటర్లమై ఉండవలెను.

ఇక్కడికి వచ్చేసరికి మన ఇండ్లలోని అసలు విషయము బయటపడుతుంది. మనలో చాలమంది ఓటు ఇంకా స్వగ్రామములోనే ఉన్నది. తీసివేయరు. ఎందుకని అడిగితే, "ఓటు తీసివేస్తే ఊరితో ఉన్న ఆ ఒక్క పోగు కూడ తెగుతుంది" అంటారు. ఈ మాటను మేము తేలికగా తీసికొనము. పంచాయతి ఎన్నికలకు రైలెక్కి పోయి, అమ్మ చేతి అన్నము తిని, ఓటు వేసి వచ్చేవారు మా ఆఫీసులోనే ఉన్నారు. వారి మనస్సులో ఉన్నది రాజకీయము కాదు, ప్రేమ.

అయితే చట్టము ఏమంటున్నది? 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము ప్రకారము ఒక మనిషి పేరు రెండు చోట్ల ఓటర్ల పట్టికలో ఉండరాదు. ఒక ఊరిలో ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ నివాసి అయినట్లు కాదని కూడ ఆ చట్టములోనే వ్రాసి ఉన్నది. మనము ఎక్కడ నిత్యము నివసిస్తామో అక్కడనే మన ఓటు. సొంత ఇల్లు ఉండనక్కరలేదు, అద్దె ఇల్లు చాలును. కొత్తగా చేరుటకు ఫారము 6, ఒక చోటినుండి ఇంకొక చోటికి మార్చుకొనుటకు ఫారము 8. పదునెనిమిదేండ్లు నిండిన పిల్లలను సంవత్సరములో నాలుగు తేదీల లెక్కన, జనవరి, ఏప్రిలు, జూలై, అక్టోబరు మొదటి తేదీలను బట్టి, చేర్చుకొనే ఏర్పాటు 2022 నుండి ఉన్నది. నగరసభ ఓటర్ల పట్టిక శాసనసభ పట్టిక నుండే తయారవుతుంది.

చట్టము మాట అట్లుంచి న్యాయము ఆలోచించండి. స్వగ్రామములో మన ఓటుతో వేయించే రోడ్డు మీద మనము ఏడాదికి నాలుగు దినాలు నడుస్తాము. ఇక్కడ మన పిల్లలు ప్రతిదినము బడికి నడిచే వీధిని గురించి మాత్రము మనకు మాట లేదు. ఊరి మీద ప్రేమ ఓటుతో ఉన్నది కాదు. తలిదండ్రులకు పంపే మనియార్డరులో ఉన్నది, పండుగకు పోయే ప్రయాణములో ఉన్నది, పిల్లలకు నేర్పే తెలుగులో ఉన్నది. ఆ పోగు ఫారము 8 తో తెగేది కాదు.

రైల్వే క్వార్టర్లలో ఉండే సోదరులకు ప్రత్యేకముగా ఒక మాట. రాజ్యాంగము 285వ అధికరణము ప్రకారము కేంద్ర ప్రభుత్వ ఆస్తుల మీద పురపాలక సంస్థలు పన్ను వేయరాదు. సేవలకు బదులు రుసుము మాత్రము ఉంటుంది. క్వార్టర్లలో దీపము, నీరు, ఊడ్పు అంతా రైల్వేయే చూస్తుంది. అందుచేత నగరసభ ఒకటి ఉన్నదనే సంగతే మనకు తోచదు. కాని పదవీ విరమణ నాడు క్వార్టరు తాళము అప్పగించి బయటికి వచ్చిన మరుదినము నుండి మనమూ ఒక వార్డువారమే. అప్పుడు కళ్ళు తెరచుటకంటె ఇప్పుడే తెలిసికొనుట మేలు. మావంటి ఉద్యోగులము ఎన్నికలలో పోటీ చేయరాదు, ప్రచారము చేయరాదు. ఓటు వేయుటకు మాత్రము అడ్డు లేదు. ఆ ఒక్కటీ సక్రమముగా చేయుదము.

ఓటు హక్కు అడిగేవారు పన్ను బాధ్యత మరువరాదు. ఇంటి యజమానులు తమ పన్ను తామే లెక్కవేసి కట్టే పద్ధతి ఈ రాష్ట్రములో అమలులో ఉన్నది. ఏప్రిలు నెలలో కట్టినవారికి నూటికి 5 తగ్గింపు. జూన్ దాటితే నెలకు నూటికి 2 అపరాధము. ఉగాదికి పంచాంగము వినే రోజులలోనే ఈ లెక్క కూడ చూచుకొంటే మనకూ లాభము, ఊరికీ లాభము. ఆ పన్నులో నుండే రేపటి కాలువ వస్తుంది.

భాష విషయములో కూడ భయము వద్దు. రాజ్యాంగము 350వ అధికరణము ప్రకారము తన కష్టము చెప్పుకొనుటకు దేశములో గాని రాష్ట్రములో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టవచ్చును. కాని సభ నడిచేది కన్నడములో. ఊరి భాషలో వ్రాసిన అర్జీ చదువరికి సులభము, వ్రాసినవారికి గౌరవము. రెండు లిపులూ అక్కచెల్లెండ్ర వంటివి. మన పిల్లలు బడిలో కన్నడము నేర్చుకొంటున్నారు. వారి చేతనే వ్రాయించండి. అర్జీ పనీ అవుతుంది, ఊరు తమదనే భావము పిల్లలకూ కలుగుతుంది.

ఈ పద్ధతి అంతా సక్రమముగానే జరుగుతున్నదా అని మీరు అడుగవచ్చును. ఎల్లప్పుడు జరుగదు. 2018 ఆగస్టులో ఈ రాష్ట్రములోని అనేక పట్టణాలకు ఎన్నికలు జరిగినవి. అధ్యక్ష పదవుల కేటాయింపు మీద కోర్టు వ్యాజ్యాల వలన 2020 వరకు ఆ పట్టణాలలో అధ్యక్షుల ఎన్నికే జరుగలేదు. గెలిచిన సభ్యులు ఉన్నారు గాని సభ నడువలేదు. అధికారులే పాలించినారు. సభ లేని చోట అర్జీకి తావు తక్కువ, దయకు తావు ఎక్కువ. అందుకే ఎన్నికలు సకాలమునకు జరుగవలెనని అడుగుట కూడ పౌరుల పనియే.

చివరగా మూడు మనవులు. ఈ సంవత్సరము ప్రతి కుటుంబమూ తమ వార్డు సంఖ్య తెలిసికొని, ఓటు ఎక్కడ ఉన్నదో చూచుకొనవలెను. ఫారము నింపుటలో సహాయము కావలసినవారికి మేము ఆదివారాలు సంఘపు గదిలో కూర్చుని నింపి ఇస్తాము. వీధి అవసరాలు వ్రాసి ఇస్తే వాటిని ఒక పట్టికగా చేసి, పూర్వభావి సభకు మన సంఘము తరఫున తీసికొనిపోవుదము. ఆ పట్టికలో తెలుగు ఇండ్ల అవసరాలే గాక ఆ వీధిలో ఉన్న అందరి అవసరాలు ఉండవలెను. మురుగు కాలువకు భాష లేదు.

పుట్టిన ఊరు కన్నతల్లి వంటిది. అన్నము పెట్టిన ఊరు పెంచిన తల్లి వంటిది. ఇద్దరినీ చూచుకొనుట మన సంప్రదాయము.